ఎండాకాలంలో ఫంక్షన్ హాల్ తోట: ముందు చెట్లకు, తర్వాతే గడ్డికి

ప్రశ్న: మహారాష్ట్రలో రాజురా దగ్గర, బల్లార్షా పోయే రోడ్డు మీద మాకు ఒక ఫంక్షన్ హాల్, పక్కనే లాడ్జి ఉన్నాయి. అంతా నల్లరేగడి నేల. 12,000 చదరపు అడుగుల లాన్‌లో మూడేళ్ల కింద మెక్సికన్ గడ్డి పరిపించాం. ఉగాది రాకముందే అది పసుపు తిరుగుతోంది. వేప, కానుగ, గుల్‌మొహర్ కలిపి పెద్ద చెట్లు పది. పార్కింగ్‌లో రెండేళ్ల కింద నాటినవి ఎనిమిది. రోడ్డు వైపు 200 అడుగుల పొడవున దురంత మొక్కల కంచె. ఒక్కటే బోరు, నిమిషానికి 40 లీటర్లు పోస్తుంది. లాడ్జి వాడకం పోను తోటకు రోజుకు రెండున్నర వేల లీటర్లే మిగులుతాయి. మాలీ రోజూ రెండు పూటలా అరగంట చొప్పున లాన్‌కు పైపు పడుతున్నాడు, ఒక బస్తా యూరియా తెమ్మంటున్నాడు. కాంట్రాక్టరేమో పాత గడ్డి తీసేసి అక్షయ తృతీయ లోపల కొత్తది పరుస్తానంటున్నాడు. ఏప్రిల్, మే నెలల్లో పెళ్లిళ్లు ఉన్నాయి. ఏం చేయమంటారు?

సమాధానం: కొత్త గడ్డి ఇప్పుడు వద్దు. యూరియా బస్తా కూడా వద్దు. మీరు మార్చాల్సింది నీళ్లు పోసే తీరు. అంతకన్నా ముందు, ఆ నీళ్లు ఎవరికి పోయాలన్నది తేల్చుకోవాలి. మీ ఉత్తరంలో చెట్లకు నీళ్లు పోస్తున్నట్టు ఒక్క మాట కూడా లేదు. మాకు గడ్డి పసుపు రంగు కన్నా అదే ఎక్కువ ఆందోళన కలిగించింది.

మీ లెక్కే చూడండి. రెండు పూటలా అరగంట అంటే గంట, నిమిషానికి 40 చొప్పున 2,400 లీటర్లు. తోటకు మిగిలే నీళ్లన్నీ లాన్‌కే పోతున్నాయి. 12,000 చదరపు అడుగులంటే దాదాపు 1,115 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు తడి. కాబట్టి మీ గడ్డికి రోజుకు అందుతున్నది రెండు మి.మీ. చిల్లర. మీ దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో గడ్డి బతికి పచ్చగా ఉండాలంటే రోజుకు సుమారు ఐదు మి.మీ. కావాలి, అంటే మొత్తం లాన్‌కు ఐదున్నర వేల లీటర్లు. మీ బోరు అది ఇవ్వలేదు. పోసే రెండు మి.మీ. కూడా ఒక మి.మీ. చొప్పున రెండు పూటల్లో పడుతోంది కనుక పైపై మట్టిని మాత్రం తడిపి, పది గంటలయ్యేసరికి ఆవిరైపోతుంది. ఆ పైపై తడికి అలవాటు పడి వేళ్లు పైకే వస్తాయి, పైన ఉన్న వేళ్లే ముందు ఉడుకుతాయి.

ఇప్పుడు చెట్ల లెక్క. పార్కింగ్‌లోని ఎనిమిది మొక్కలకు వారానికి రెండుసార్లు, ఒక్కోదానికి 40 లీటర్లు: వారానికి 640. పది పెద్ద చెట్లకు పది రోజులకోసారి 200 లీటర్ల చొప్పున 2,000. రెండూ కలిపి రోజు సగటు 290 లీటర్లు. మొత్తం లాన్‌ను పచ్చగా ఉంచడానికి కావలసిన నీళ్లలో ఇది ఇరవయ్యో వంతు. ఆ ఇరవయ్యో వంతు ఇవ్వక చెట్టు పోతే మళ్లీ అంత నీడ రావడానికి పదేళ్లు పడుతుంది. గడ్డి పోతే వానాకాలంలో మూడు నెలల్లో వస్తుంది. అందుకే వరస ఇలా పెట్టుకోండి: చిన్న చెట్లు, పెద్ద చెట్లు, కంచె, కుండీలు, ఆ తర్వాత మిగిలినంత మేరకే గడ్డి.

చిన్న చెట్లకు పాదు కనీసం మూడు అడుగుల వెడల్పు ఉండాలి. పార్కింగ్‌లో పేవర్ బ్లాకులు మొదలు దాకా పరిచి ఉంటే చుట్టూ మూడడుగుల చదరంలో వాటిని తీసేయించండి. నీళ్లూ గాలీ రెండూ దిగకుండా అడ్డుపడేవి అవే. పాదులో ఎండుటాకు గానీ కోసిన గడ్డి గానీ మూడు అంగుళాల మందాన పరచండి, కాండానికి మాత్రం నాలుగు వేళ్ల దూరం వదలండి. ఆనించి పోస్తే బెరడు కుళ్లుతుంది, చెదలూ అక్కడి నుంచే ఎక్కుతాయి. పడమటి ఎండ తగిలే వైపు లేత కాండం బెరడు మాడి చీలుతుంది, దానికి సున్నం పూత చాలు. ఆయిల్ పెయింట్ వేయించకండి. నాటినప్పుడు కట్టిన ఊతకర్ర తాళ్లు ఇప్పటికి బిగుసుకుపోయి ఉంటాయి, అవి వదులు చేయండి.

పెద్ద చెట్లకు మొదట్లో నీళ్లు పోస్తే ప్రయోజనం తక్కువ. నీళ్లు తాగే సన్న వేళ్లు కొమ్మల నీడ అంచు దగ్గర, దానికి కాస్త లోపలా బయటా ఉంటాయి. అక్కడ నాలుగు అంగుళాల ఎత్తు గట్టు గుండ్రంగా కట్టి, పైపును చాలా సన్నగా వదిలి రాత్రంతా ఇంకనివ్వండి. మనిషి నిలబడి చూసుకోలేని చోట 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము అడుగున మూడు మి.మీ. రంధ్రం పెట్టి నీడ అంచున ఉంచితే పని అదే అవుతుంది. ఒక రాత్రి ఒక చెట్టు, పది రాత్రుల్లో ఒక చుట్టు. డ్రమ్ము చోటు ప్రతి చుట్టులో మార్చండి.

ఇంకొకటి. పెళ్లి లైట్ల తీగలు చెట్లకు చుట్టి వదిలేసే అలవాటు చాలా చోట్ల ఉంది. కాండం లావయ్యేకొద్దీ ఆ తీగ బెరడులోకి దిగి చెట్టు గొంతు బిగిస్తుంది. మేకులూ అంతే. సీజన్ మొదలవకముందే అన్నీ తీయించి, ఈసారి కట్టే తీగలను మెత్తని పట్టీతో వదులుగా కట్టించి, సీజన్ కాగానే విప్పించండి.

ఇక గడ్డి. చెట్లకు 290, కంచెకు 360, కుండీలకు ఒక వంద తీసేస్తే రోజుకు 1,750 లీటర్లు మిగులుతాయి. ఐదు మి.మీ. లెక్కన అది 350 చదరపు మీటర్లకు సరిపోతుంది. కాబట్టి వేదిక ముందు, ద్వారం దగ్గర, ఫొటోలు తీసుకునే చోట కలిపి 3,500 చదరపు అడుగులు ఎంచుకోండి. ఈ సీజన్‌లో పచ్చగా ఉండేది అంతే. మిగిలిన 8,500 అడుగులను నిద్రపుచ్చాలి, చంపకూడదు. దాని సంగతి కిందికి వస్తాం.

ఎంచుకున్న భాగాన్ని మూడు పట్టీలు చేయండి. రోజుకు ఒక పట్టీకి 1,600 లీటర్లు, అంటే మీ బోరుతో 40 నిమిషాలు. అలా ప్రతి పట్టీకీ మూడు రోజులకోసారి 15 మి.మీ. అందుతుంది. అది వేళ్ల లోతు దాకా దిగుతుంది. నల్లరేగడితో ఇక్కడొక చిక్కుంది. తడవగానే ఉబ్బి రంధ్రాలు మూసుకుపోతాయి, ఆ తర్వాత నీళ్లు ఇంకడం చాలా నెమ్మది. 40 నిమిషాలు ఏకధాటిగా పోస్తే సగం డ్రైనేజీలోకి పారుతుంది. అందుకని 13 నిమిషాల చొప్పున మూడు విడతలు, విడతకూ విడతకూ నడుమ అరగంట ఆపండి. ఆ ఆగిన అరగంటలో ఇంకో పట్టీకి కాకుండా కంచెకో కుండీలకో నీళ్లు మళ్లిస్తే బోరు ఖాళీగా ఉండదు. వేళ తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు లోపు. గాలి తక్కువ, ఆవిరీ తక్కువ. రాత్రి పొద్దుపోయాక పోస్తే ఆకు తెల్లవార్లూ తడిగా ఉండి బూజు తెగుళ్లు వస్తాయి.

చేతి పైపుతో సమంగా పోయడం ఎవరివల్లా కాదు. చిన్న స్ప్రింక్లర్ తెచ్చి పెట్టండి. అది ఎంత పోస్తోందో తెలుసుకోవడం తేలిక: అడుగు చదునుగా ఉన్న ఆరు డబ్బాలు పట్టీలో అక్కడక్కడా పెట్టి 15 నిమిషాలు తిప్పండి, స్కేలుతో నీళ్ల ఎత్తు కొలవండి. ఒక డబ్బాలో రెండు మి.మీ., ఇంకోదానిలో ఎనిమిది ఉంటే స్ప్రింక్లర్ చోటు తప్పు. అంతటా దాదాపు ఒకేలా వచ్చేదాకా జరపండి. టైమర్ పెట్టుకుంటే లోపల బ్యాటరీ ఉన్నదే తీసుకోండి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం మొదటికొచ్చి, మిట్టమధ్యాహ్నం నీళ్లు పోస్తుంది.

నీళ్లు దిగాయో లేదో గడ్డి పైన చూస్తే తెలియదు. పోసిన నాలుగు గంటల తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్ నేలలోకి గుచ్చండి. ఆరు అంగుళాలు సులువుగా దిగితే సరిపోయింది. రెండు అంగుళాల దగ్గర ఆగితే విడతలు పెంచాలి. మళ్లీ ఎప్పుడు పోయాలో గడ్డే చెబుతుంది: ఆకు ముడుచుకుని బూడిద నీలం రంగు తిరిగినా, నడిచిన అడుగుజాడ పది నిమిషాలైనా చెరగకపోయినా ఆ పట్టీకి దాహం వేసినట్టు.

నెర్రెల గురించి చెప్పాలి. మార్చి ఆఖరుకే రేగడి బీటలు వారుతుంది. నెర్రెలోకి పైపు పెడితే నీళ్లు వేళ్లను దాటుకుని అడుగులోతుకు జారిపోతాయి, పైన గడ్డి ఎండుతూనే ఉంటుంది. మొదట మాగిన ఎరువు, పొడి మట్టి సగం సగం కలిపి జల్లెడ పట్టి నెర్రెలు నింపండి, చీపురుతో లోపలికి ఊడ్చండి, ఆ తర్వాత సన్నగా తడపండి. ఇసుక మాత్రం ఒక్కటే పోయకండి. రేగడిలో కొంచెం ఇసుక కలిస్తే నేల గుల్లబారదు, ఇటుకలా గట్టిపడుతుంది.

నిద్రపుచ్చే భాగానికి పది పన్నెండు రోజులకోసారి 12 మి.మీ. చాలు. ఆకు గోధుమ రంగుకు తిరుగుతుంది, కుదుళ్లు బతికి ఉంటాయి. 8,500 చదరపు అడుగులంటే 790 చదరపు మీటర్లు, ఒక్కసారికి దాదాపు 9,500 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు. బోరు మీద భారం వేయకుండా దీనికి ట్యాంకరే తెప్పించండి, కానీ దింపేముందు నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో టీడీఎస్ మీటరుతో చూడండి. 500 లోపు ఉంటే నిశ్చింత. రెండు వేలు దాటితే వెనక్కి పంపండి, ఆ ఉప్పు మట్టిలో పేరుకుపోతుంది. మధ్యస్థంగా ఉంటే ఆకుల మీద చల్లకుండా నేల మీద పారించండి. చేతి వేలితో కుదురు దగ్గర గీరి చూస్తే లోపల తెల్లగా, గట్టిగా ఉండాలి. గోధుమ రంగులో పొడిబారి విరిగిపోతే ఆ చోటు పోయినట్టే, అక్కడ నీళ్లు ఖర్చు చేయకండి.

ఇప్పుడు పసుపు రంగు, యూరియా. గడ్డి పసుపు కావడానికి మీ దగ్గర రెండు కారణాలు కలిసి ఉండవచ్చు. ఒకటి పైపై తడి. రెండోది ఇనుము. రేగడిలో సున్నం ఎక్కువ, క్షారం ఎక్కువ. ఇనుము మట్టిలో ఉన్నా వేళ్లకు అందదు. గుర్తు పట్టడం కష్టం కాదు: లేత ఆకులు ముందు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. మీ ఆవరణలో మందార, నూరువరహాలు ఉంటే వాటి చిగుళ్లు చూడండి, అవి గడ్డి కన్నా ముందే చూపిస్తాయి. ముదురు ఆకులు ముందు పసుపైతే నత్రజని లోపం. ఇనుమే అయితే లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఐదు దాటాక ఆకు తడిసేలా పిచికారీ చేయండి, పది రోజులకు మరోసారి. పేవర్ల మీద, తెల్ల గోడల మీద తుంపర పడితే తుప్పు మరక పడుతుంది, అది పోదు. పక్కన పాత గోనెపట్టాలు కప్పి కొట్టించండి. వారంలో రంగు తేరుతుంది, కానీ ఇది తాత్కాలికమే. మట్టిలో వేయాలంటే ఈడీడీహెచ్ఏ రకం ఇనుప చిలేట్ అడగండి. ఈడీటీఏ రకం మీ క్షార నేలలో నిలవదు.

యూరియా ఎందుకు వద్దంటే, వేడి మీదున్న క్షార నేలపై చల్లిన యూరియాలో చాలా భాగం అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. మిగిలింది లేత ఆకును తోసుకొస్తుంది. లేత ఆకుకు నీళ్లు ఎక్కువ కావాలి, మీ దగ్గర లేనిది అదే. నీళ్లు సరిగా పడకపోతే యూరియా గుళికలున్న చోటల్లా మాడిన మచ్చలు వస్తాయి. వెయ్యి చదరపు అడుగులకు కిలో యూరియా అంటే వానాకాలంలో కూడా ఒక్కసారికి అదే గరిష్ఠం. 45 కిలోల బస్తా మీ 12,000 అడుగులకు ఒకేసారి వేస్తే దానికి దాదాపు నాలుగింతలు అవుతుంది. నల్ల మేఘాలు వచ్చి రెండు మంచి వానలు పడ్డాక, వెయ్యి అడుగులకు అర కిలో చొప్పున వేయండి.

కోత ఎత్తు పెంచండి. పెళ్లికి నున్నగా కనపడాలని అంగుళం లోపు కోయిస్తారు, కుదుళ్ల మీద ఎండ నేరుగా పడి మాడిపోతాయి. మెక్సికన్ గడ్డి జోయ్‌సియా జాతిది, ఒకసారి చెడితే కోలుకోవడం నెలల పని. గరిక జాతి అయితే వారాల్లో లేస్తుంది. ఈ రెండు నెలలూ నాలుగు నుంచి ఐదు సెంటీమీటర్ల దగ్గర ఉంచండి, ఒక్క కోతలో ఆకు పొడవులో మూడో వంతుకు మించి తీయకండి. కోసిన రెండో రోజు గడ్డి కొనలు చీలి తెల్లబడితే మెషిన్ బ్లేడు మొద్దుబారింది. అది కోయడం లేదు, చింపుతోంది. ఇరవై, ఇరవై ఐదు గంటల పనికోసారి సాన పట్టించండి. బ్రష్ కట్టర్ వాడేటప్పుడు దాని నైలాన్ తాడు చిన్న చెట్ల కాండానికి తగలకుండా చూడండి. బెరడు చుట్టూ తెగితే ఆ చెట్టు ఎండిపోతుంది, నీళ్లు ఎన్ని పోసినా లాభం ఉండదు.

పెళ్లిళ్ల వల్ల గడ్డికి జరిగే నష్టం ఎండ వల్ల జరిగే దానికన్నా ఎక్కువ. దాన్ని ఆపడం మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది. అన్నిటికన్నా హాని చేసేది కార్పెట్. సాయంత్రం ఫంక్షన్‌కు పొద్దున పదింటికే పరిచేస్తారు, దాని కింద గడ్డి ఉడికిపోతుంది. ఎండ తగ్గాక, ఐదు తర్వాత పరచాలని, అదే రాత్రి తీసేయాలని డెకరేషన్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి. ప్లాస్టిక్ షీట్ ఎట్టి పరిస్థితిలోనూ గడ్డి మీద వేయనివ్వకండి. ఫంక్షన్ రోజు నీళ్లు పోయకండి, ముందు రోజు తెల్లవారుజామున పోసి వదిలేయండి. తడి రేగడి మీద ఐదు వందల మంది నడిస్తే నేల తారు రోడ్డులా గట్టిపడుతుంది. వంటల పొయ్యిలు, తవాలు, భోజనాల బల్లలు పేవర్ల మీదికి మార్చండి. ఐస్‌క్రీం వాళ్లు ఉప్పు కలిపిన మంచు నీళ్లను గడ్డిలో పారబోస్తారు. నెల తర్వాత గుండ్రంగా ఎండిన మచ్చ కనపడితే కారణం అదే. వాళ్లకు ఒక బకెట్ ఇచ్చి డ్రైనేజీ చూపించండి. పొరపాటున పోసినట్టు తెలిస్తే వెంటనే ఆ చోట రెండు మూడు బకెట్ల మంచినీళ్లు పోసి ఉప్పును కిందికి కడగాలి. డీజే బండి, జనరేటర్ బండి లాన్ ఎక్కకూడదు. ఒక్క బండి చక్రాల దారి వానాకాలం దాకా కనపడుతుంది.

ఫంక్షన్ అయిన మర్నాడు తొక్కుడు పడ్డ చోట నేల కొంచెం పదునుగా ఉండగా నాలుగు ముళ్ల ఫోర్కు నాలుగు అంగుళాల లోతు గుచ్చి, కొద్దిగా ఊపి తీయించండి, జానెడు కన్నా తక్కువ ఎడంతో. పూర్తిగా పొడిగా ఉంటే ఫోర్కు దిగదు, బురదగా ఉంటే రంధ్రం గోడలు నున్నబడి మూసుకుపోతాయి.

దురంత కంచెను ఇప్పుడు గట్టిగా కత్తిరించకండి. ఉగాది దాటాక కత్తిరిస్తే వచ్చే లేత చిగురు ఎండకు మాడి కంచె అంతా గోధుమ రంగుకు వస్తుంది. పొడుచుకొచ్చిన కొమ్మలు మాత్రం తుంచితే చాలు. నీళ్లకు 16 మి.మీ. డ్రిప్ పైపు, అర మీటరుకో డ్రిప్పర్, ఒక్కోటి గంటకు నాలుగు లీటర్లు. మీ 200 అడుగులకు దాదాపు 120 డ్రిప్పర్లు. రోజు విడిచి రోజు గంటన్నర వదిలితే సగటున రోజుకు 360 లీటర్లు. పైన చెప్పిన లెక్క ఇదే. బోరు నీళ్లలో సున్నం ఉంటుంది కనుక డ్రిప్పర్లు మూసుకుంటాయి. నెలకోసారి మొదట్లో, మధ్యలో, చివర ఒక్కో డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి మూడు నిమిషాలు పట్టండి. 200 మిల్లీలీటర్లు రావాలి. 150 కన్నా తక్కువ వస్తే ముందు ఫిల్టర్ కడగండి, పైపు చివరి మూతలు తీసి మురికి పోనివ్వండి. అప్పటికీ రాకపోతే యాసిడ్ శుద్ధి చేయించాలి. అది డ్రిప్ మెకానిక్ చేతే చేయించండి. యాసిడ్‌ను నీళ్లలో కలపాలి గానీ యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు.

కాగితపు పూల మొక్కలకు నీళ్లు తగ్గిస్తేనే పూలు. వాటి మీద లీటర్లు ఖర్చు చేయకండి.

పురుగుల్లో ఈ రోజుల్లో చూడాల్సినవి రెండు. ఆకు అడుగున సన్నని సాలెగూడు లాంటి అల్లిక, పైన ఇసుక చల్లినట్టు చుక్కలు ఉంటే ఎర్రనల్లి. మందార కొమ్మల కణుపుల్లో తెల్లని దూది ఉంటే పిండినల్లి. రెండింటికీ మొదటి మందు నీళ్లే: పొద్దున్నే పైపు ఒత్తిడితో ఆకు అడుగు భాగం కడిగించండి, మూడు రోజులకోసారి, మూడుసార్లు. తగ్గకపోతే లీటరుకు ఐదు మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం కొట్టండి. పిండినల్లి బాగా ముదిరిన కొమ్మను కోసి సంచీలో కట్టి పారేయండి. ఎర్రనల్లికి గంధకం కొట్టమని చెప్పేవాళ్లుంటారు. 35 డిగ్రీలు దాటిన రోజుల్లో అది ఆకును కాల్చేస్తుంది.

ఏప్రిల్ ఆఖరు నుంచి మీ ప్రాంతంలో సాయంత్రాలు దుమ్ముగాలి, ఒక్కోసారి వడగళ్లు. ఆ లోపల చెట్లను చూడాలి. గుల్‌మొహర్ కొమ్మ పెళుసు, వేళ్లూ పైపైనే ఉంటాయి. జనం కూర్చునే చోటు, బండ్లు ఆపే చోటు మీదికి వంగిన ఎండు కొమ్మలు, చీలిక ఉన్న కొమ్మలు తీయించండి. తల మొత్తం నరికి మోడు చేయించడం మాత్రం వద్దు. అక్కడి నుంచి వచ్చే కొత్త కొమ్మలు పైపైన అతుక్కుని ఉంటాయి, మూడో ఏడు గాలికి అవే విరుగుతాయి. లావు కొమ్మను మూడు కోతల్లో తీయాలి: మొదలుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు, దానికి కొంచెం అవతల పై నుంచి పూర్తిగా, ఆఖరున మిగిలిన మోడును కాండం దగ్గర ఉబ్బు చెడకుండా. ఒకే కోతతో తీస్తే కొమ్మ బరువుకు బెరడు చీరుకుని కిందిదాకా వస్తుంది. పట్టణ పరిధిలో చెట్టు కొట్టడానికి మహారాష్ట్రలో 1975 నాటి పట్టణ ప్రాంతాల చెట్ల సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. కొమ్మలు తీయించేముందు కూడా నగర పరిషత్‌లో దరఖాస్తు పెట్టి రసీదు దగ్గర ఉంచుకోండి. కరెంటు తీగల దగ్గరి కొమ్మల జోలికి మాలీని పంపకండి. కరెంటు సంస్థ మహావితరణ్ వాళ్లకు చెప్పి లైను ఆపించాకే పని.

భవనం సంగతి ఒక మాట. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. గోడ పక్కన ఒకచోట రోజూ తడి, ఇంకోచోట పూర్తి పొడి ఉంటే పునాది కింద నేల ఎగుడు దిగుడై గోడలు బీటలిస్తాయి, పేవర్లు లేస్తాయి. గోడకు మీటరు దూరంలోపు స్ప్రింక్లర్ నీళ్లు పడకుండా తిప్పండి. జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ పది అడుగులు ఎండు గడ్డి లేకుండా గీకించండి. రాలిన ఆకు తగలబెట్టించకండి. అది మీ పాదులకు పనికొచ్చే కప్పు.

మాలీ పని వేళలు పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగున్నర తర్వాత. మే నెలలో మీ దగ్గర 45, 46 డిగ్రీలు మామూలే. పది దాటాక మెషిన్ పట్టించడం ప్రమాదం. ఓఆర్ఎస్ పొట్లాలు, తలకు తువ్వాలు, నీడలో కూర్చునే చోటు మీరే ఏర్పాటు చేయండి. మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా, ఒళ్లు కాలిపోతూ చెమట ఆగిపోయినా వెంటనే నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోసి గాలి తగలనిస్తూ 108కి ఫోన్ చేయాలి.

చివరగా కాంట్రాక్టర్. ఇప్పుడు పరిచిన గడ్డి పలకకు వేళ్లు ఉండవు. మొదటి రెండు వారాలు రోజుకు రెండు మూడుసార్లు తడిపితే తప్ప అది నేలను పట్టుకోదు, ఆ నీళ్లు మీకు లేవు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, దానికి ముందు పరిచిన లేత గడ్డి గతి చెప్పనక్కరలేదు. పాడైన చోట్లకు ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. మే నెలలో అక్కడ పాత గడ్డి గీకి, నేల తడిపి, పారదర్శకమైన పల్చని ప్లాస్టిక్ షీట్ పరిచి అంచులు మట్టితో కప్పండి. గడ్డి మీద షీట్ వద్దన్నాం గానీ ఇక్కడ కాపాడాల్సిన గడ్డి లేదు. నాలుగు నుంచి ఆరు వారాల్లో మీ ఎండకు కలుపు విత్తనాలు చాలా వరకు చస్తాయి. తుంగ గడ్డలు మాత్రం చావవు, వాటిని తవ్వి ఏరించాలి. మృగశిర కార్తె వచ్చి రెండు మూడు మంచి వానలు పడ్డాక, జూన్ ఆఖరులో పరిపించండి. అప్పుడు నీళ్లు వాన ఇస్తుంది. కాంట్రాక్టర్‌తో కాగితం మీద మూడు విషయాలు రాయించుకోండి: గడ్డి జాతి పేరు, పరిచేముందు ఆరు అంగుళాల లోతు గుల్ల చేసి మాగిన ఎరువు కలపడం, ఎండిన పలకలు సొంత ఖర్చుతో మార్చడం. ఇంత రొక్కమని మాట్లాడుకున్న దాంట్లో మూడో వంతు ఆపి, గడ్డి వేళ్లు పట్టి, పలకను చేత్తో లాగితే లేవని స్థితికి వచ్చి, రెండు కోతలు అయ్యాకే ఇవ్వండి.